పాతర ఎవరిది? తెలుగునాట గింజల నిల్వ, కరువు, హక్కు

వ్యాస సంగ్రహం

ఆపత్కాలానికి ముందుగా గింజలు దాచుకోవడం తెలుగు పల్లెల్లో అనాదిగా ఉన్న ఆచారమనీ, ఆధునిక సౌకర్యాల వల్ల అది మరుగున పడిందనీ సాధారణంగా భావిస్తారు. ఆ అభిప్రాయాన్ని ఈ వ్యాసం పునఃపరిశీలిస్తుంది. నిల్వకు సంబంధించిన తెలుగు పదజాలం, కావ్య, నవలా సాహిత్యంలోని ఆధారాలు, 1832 నుంచి 1952 వరకు సంభవించిన కరువుల, కొరతల చరిత్ర ఇందుకు ఆకరాలు. దాచుకోగలిగినవారి జాగ్రత్త ఒక రకం. దాచుకోవడానికి ఏమీ లేనివారి జాగ్రత్త వేరొక రకం. ఈ రెండవ రకం జాగ్రత్త ఇతరుల నిల్వ మీద ఉండిన ఆచారసిద్ధమైన హక్కు రూపంలో ఉండేదని, నిల్వ కంటే ముందు ఆ హక్కే సడలిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పాతర, గాదె, మేర, పరిగె, కరువు, రంగం బియ్యం, లెవీ, రేషను.

1. ఉపోద్ఘాతం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిడికి విశాఖపట్నంలో కరెంటు, ఫోను, కుళాయి నీరు ఒక్కసారిగా నిలిచిపోయాయి. పాలకూ మంచినీళ్లకూ జనం బారులు తీరారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటన వెలువడగానే కిరాణా దుకాణాల ముందు అదే దృశ్యం పునరావృతమైంది. ఇంట్లో ఎన్నాళ్లకు సరిపడా గింజలున్నాయన్న ప్రశ్న అంతకు ముందురోజు వరకు చాలా ఇళ్లలో ఎవరికీ తట్టలేదు.

ఇటువంటి సందర్భాల్లో పాతకాలపు ముందుచూపు ప్రస్తావనకు వస్తుంది. పెద్దలు ఏడాది గ్రాసం గాదెలో పోసుకునేవారని, వేసవిలో ఊరగాయ జాడీలు నింపుకునేవారని, సంతకు వెళ్లకుండానే ఆరు నెలలు గడపగలిగేవారని చెప్పుకుంటారు. ఈ మాటలో నిజం ఉంది. కాని అది భూమి గల ఇళ్ల నిజం. అదే ఊరిలో కళ్లంలో తూర్పారపట్టి గాదె నింపిన కూలివాని ఇంట్లో గాదె ఉండేది కాదు. మరి ఆ ఇంటివారు ఆపదకు ఎలా సిద్ధపడేవారు? నిల్వ చరిత్ర రాసేటప్పుడు సాధారణంగా విడిచిపెట్టే ఈ ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

సాహిత్యాన్ని ఆకరంగా తీసుకుని తెలుగువారి తిండి, కట్టు, ఇల్లు, సంతలను చిత్రించవచ్చునని సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) నిరూపించింది. ఈ వ్యాసం ఆ మార్గాన్నే అనుసరిస్తూ, కావ్యాలు, నవలలతో పాటు పలుకుబళ్లను, కరువుల పేర్లను కూడా సాక్ష్యాలుగా స్వీకరిస్తుంది.

2. నిల్వకు తెలుగు పేర్లు

గింజ దాచే చోటుకు తెలుగులో ఒక్క పేరు లేదు. వెదురుబద్దలతో అల్లి, పేడా మన్నూ కలిపి మెత్తినది గాదె. గడ్డిని వెంటిగా పేని చుట్టలు చుట్టలుగా పేర్చి, లోపల ధాన్యం పోసేది పురి. తెలంగాణలో వెదురుతో అల్లినదానిని గుమ్మి అంటారు. ఇంటిలోనే ప్రత్యేకంగా కట్టిన గది కొట్టు. మట్టితో చేసినవి కాగు, బాన, కుండ. గరిసె అనే మాట గింజలు పోసే చోటుకూ, ధాన్యపు కొలతకూ కూడా చెల్లింది. మద్రాసు ప్రభుత్వం తన ధాన్యపు లెక్కలలో ఈ తెలుగు కొలతనే ఇంగ్లీషు ఉచ్చారణతో వాడుకున్నది. సి.పి. బ్రౌన్ నిఘంటువు (1852) ఈ కుటుంబానికి చెందిన మాటలకు చోటిచ్చింది.

వీటన్నిటిలోను పాతర విలక్షణమైనది. మిగిలినవి కంటికి కనబడేవి. పాతర నేలలో దాగి ఉండేది. వాననీరు నిలవని మెరకచోట, గట్టి నేలలో గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ ఎండుగడ్డి పరచి, గింజలు నింపి, పైన మళ్లీ గడ్డి వేసి మన్ను కప్పేవారు. జొన్న పండే మెట్టప్రాంతాలకు, ముఖ్యంగా రాయలసీమకు, ఇది అనువైన పద్ధతి. గాలి చొరని గొయ్యిలో గింజలు ఊపిరి పీల్చి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. ఆ గాలిలో పురుగు బతకదు. అందువల్లనే జొన్నలు ఏళ్ల తరబడి నిలిచేవి. అదే కారణం చేత మూత తీసిన వెంటనే పాతరలో దిగిన మనిషికి ప్రాణాపాయం. గాలి ఆడేదాకా ఆగవలసిందే. పాతరగింజ తిండికి పనికివచ్చినా విత్తనానికి నమ్మదగినది కాదు. అందుచేత విత్తనాలను వేరుగా, బూడిదో వేపాకో కలిపి, బానలలో భద్రపరిచేవారు. కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టడం ఈ శాస్త్రంలో మరొక పాఠం.

ఈ శాస్త్రం ఒక్క రైతు సొత్తు కాదు. గాదె అల్లినవాడు మేదరి, బాన చేసినవాడు కుమ్మరి, పాతర తవ్వినవాడు కూలి, గింజలు ఎండబోసి చెరిగి పట్టించినవారు ఆడవారు. నిల్వ వెనుక ఊరంతా ఉన్నది. నిల్వ మీద అధికారం మాత్రం ఒక్క ఇంటిది. పలుకుబడి ఈ తేడాను గుర్తుపెట్టుకున్నది. ఇతరుల సొత్తును లోలోపల తినేవారిని 'గాదె కింద పందికొక్కులు' అంటారు. ఒకదానిని ఎవరికీ అందకుండా మరుగుపరచడాన్ని 'పాతరవేయడం' అంటారు. భద్రపరచడం, మరుగుపరచడం ఒకే మాటలో ఇమిడి ఉండడం గమనించదగిన విషయం.

3. వానాకాలపు వంటిల్లు: ఆముక్తమాల్యద సాక్ష్యం

ఇంటి నిల్వకు తెలుగు కావ్యాలలో లభించే చక్కటి సాక్ష్యాలలో ఒకటి శ్రీకృష్ణదేవరాయల 'ఆముక్తమాల్యద' ప్రథమాశ్వాసంలో ఉన్నది. విష్ణుచిత్తుడు తన ఇంటికి వచ్చే భాగవతులకు ఏ ఋతువులో ఏమి వడ్డించేవాడో కవి వర్ణిస్తాడు. వానాకాలపు పద్యంలో ఆకాశం విడవకుండా కురుస్తూ ఉంటుంది. ఇల్లాలు కట్టెలకు బదులు కొబ్బరికాయల నుంచి మిగిలినదానిని వంటచెరకుగా వాడుతుంది. పొగ కళ్లకు ఎక్కదు. వడ్డనలో అన్నం, పప్పు, కూరలతో పాటు వరుగులు, వడియాలు ఉంటాయి.

ఈ పద్యాన్ని విమర్శకులు ప్రధానంగా ఆతిథ్యవర్ణనగా, ఋతువర్ణనగా చదివారు. నిల్వ దృష్టితో చదివినప్పుడు ఇది ఒక సన్నాహపు జాబితా. వానలో కట్టె తడుస్తుంది కనుక తడవని వంటచెరకు ముందే పోగైంది. వానలో కూరగాయ దొరకదు కనుక వేసవి ఎండలో వరుగులు చేసి ఉంచారు. ఎండాకాలపు మిగులు వానాకాలపు లోటుకు తరలింది. ఆ తరలింపు చేసినది ఇల్లాలి చేయి. పద్యంలో కనిపించేది వడ్డన ఒక్కటే. దాని వెనుక ఉన్న నెలల పని చదువరి ఊహకు విడిచిపెట్టబడింది.

ఈ నిల్వ ఇంటివారి కోసం మాత్రమే చేసినది కాకపోవడం మరొక ముఖ్యాంశం. ఎవరు వస్తారో తెలియని అతిథుల కోసం ఆ ఇల్లు సిద్ధంగా ఉంది. కావ్యాదర్శంలో నిండిన గాదెకు సార్థకత తెరిచి ఉన్న తలుపు. ఆ ఆదర్శం నిత్యజీవితంలో ఎంతవరకు నిలిచిందన్నది వేరే విషయం. కాని దాచినవానికి పెట్టవలసిన బాధ్యత ఉన్నదన్న భావన సాహిత్యంలో గట్టిగా నాటుకుని ఉన్నదనడానికి ఇది చాలు.

4. కోట గాదె, కళ్లం మీది హక్కు

రాజ్యం దాచిన గింజలకు వేరొక చరిత్ర ఉన్నది. కోశాగారంలోని ధాన్యంలో సగభాగాన్ని జనపదాల ఆపద కోసం వేరుగా ఉంచి, మిగిలిన సగాన్ని వాడుకోవాలని, పాతదానిని కొత్తదానితో మారుస్తూ ఉండాలని కౌటిల్యుని అర్థశాస్త్రం విధించింది. తెలుగునాట గండికోటలోని ధాన్యాగారం, గోలకొండలోని అంబర్‌ఖానా ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. కోట ధాన్యాగారానికి ప్రథమ ప్రయోజనం ముట్టడిని తట్టుకోవడం. 1687లో ఔరంగజేబు సేనలు గోలకొండను ఎనిమిది నెలలపాటు చుట్టుముట్టినప్పుడు తిండికి కటకటలాడినది బయట ఉన్న మొగలు శిబిరమే. చివరకు కోట ద్వారం ఆకలి వల్ల తెరుచుకోలేదు, లోపలివారి ద్రోహం వల్ల తెరుచుకున్నది. అదే కాలంలో కోట చుట్టుపట్ల పల్లెలు కరువుతో అలమటించాయి. అంబర్‌ఖానా గింజలు కోటకు కావలి కాశాయి గాని పల్లెలకు కావు.

పల్లెలో పేదకు కావలి కాసినవి మూడు ఏర్పాట్లు. మొదటిది మేర: పంట నూర్చిన కళ్లంలోనే చాకలి, మంగలి, కమ్మరి, కుమ్మరి, వెట్టి మొదలైన గ్రామసేవకులకు గింజల రూపంలో ముట్టే వాటా. రెండవది గింజల జీతం: పాలేరుకు ఏడాదికి ఇన్ని పుట్లని, కూలికి రోజుకు ఇన్ని మానికలని ధాన్యంగానే కొలిచి ఇచ్చేది. మూడవది పరిగె: కోత అయిన చేలో రాలిన వెన్నులను ఏరుకునే హక్కు. ఈ మూడింటిలోను పొందేవాడు దాచేది అత్యల్పం. అయినా ధర ఎంత పెరిగినా అతనికి ముట్టే కొలత తగ్గదు. బజారు ధర మారినప్పుడు కొలత మారకపోవడమే అతనికి రక్షణ.

నాలుగవది అడవి, బంజరు. 'బతికుంటే బలుసాకు తినవచ్చు' అన్న సామెత ఊరకే పుట్టలేదు. బలుసాకు కరువునాటి ఆకు. ఏ ఆకు తినవచ్చునో, ఏ దుంపను ఎన్నిసార్లు ఉడికించి నీరు వంపాలో తెలియడం కూడా సన్నాహమే. ఆ తెలివికి గాదె అక్కరలేదు, పొలిమేరలో నడిచే స్వేచ్ఛ చాలు.

ఈ ఏర్పాట్లను ఆదర్శీకరించడం పొరపాటు. మేర కులవ్యవస్థకు అంటిపెట్టుకుని ఉన్నది. గింజల జీతం తరచుగా తీరని అప్పుకు ముడిపడి ఉండేది. తెలంగాణలో నాగు అనే గింజల అప్పు దీనికి నిదర్శనం. విత్తనాలకో తిండికో తెచ్చుకున్న గింజలను పంట రాగానే సగానికి సగం, ఒక్కొక్కచోట రెట్టింపు కలిపి కొలవవలసి వచ్చేది. ఆదుకున్న గాదే మెడకు ఉరి కూడా అయ్యేది.

5. నందన, ధాత: రైలుకు ముందు, రైలుకు తరువాత

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి చేరాడు. అతని 'కాశీయాత్ర చరిత్ర' తెలుగునాట సరుకుల లభ్యతకు ఒక పటం వంటిది. ఏ మజిలీలో అంగళ్లున్నవి, ఏ ఊరిలో అన్ని పదార్థాలు దొరుకుతాయి, ఎక్కడ ముందే తీసుకుని వెళ్లాలి అన్న వివరాలు అందులో ఓపికగా నమోదైనాయి. ఒక ఊరి సరుకు పక్క ఊరికి చేరుతుందన్న భరోసా లేని కాలం అది. ఎద్దు మోసినంతే సరఫరా, అది నడిచినంతే దూరం.

ఆ యాత్ర ముగిసిన మరుసటి ఏడే నందన సంవత్సరం (1832–33). గుంటూరు ప్రాంతంలో సుమారు 5 లక్షల జనాభాలో 2 లక్షల మంది మరణించారని నాటి అంచనా. జనం పల్లెలు విడిచి మద్రాసు దారి పట్టి, దారిపొడవునా రాలిపోయారు. పక్కటెముకలు బయటపడిన శరీరాల గుర్తుగా దానిని 'డొక్కల కరువు' అన్నారు. కరువుకు జనం పెట్టిన పేరులో చనిపోయినవారి లెక్క లేదు, బతికి ఉన్నవారి ఆకారం ఉన్నది. ఈ కరువు తరువాతి దశాబ్దాలలో గోదావరి ఆనకట్ట (1847–1852), బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట (1852–1855) వెలిశాయి. డెల్టాలో పంట స్థిరపడింది.

మెట్టప్రాంతాల పరిష్కారం రైలు అనుకున్నారు. 1871 నాటికి మద్రాసు నుంచి కడప, గుత్తి, ఆదోని మీదుగా రాయచూరుకు రైలుమార్గం పూర్తయింది. ఒక చోట పంట పోతే మరొక చోటి గింజ రెండు రోజుల్లో చేరుతుందన్నది ఆశ. అయిదేళ్లకే ధాత సంవత్సరం (1876–77) వచ్చింది, వెనువెంటనే ఈశ్వర (1877–78). రైలు గింజలను తెచ్చిన మాట నిజం. అయితే ధర పలికే చోటికి గింజలను తీసుకుపోయినది కూడా ఆ రైలే. లోగడ ఊరి పాతరలో ఉండిన జొన్న ఇప్పుడు స్టేషను గిడ్డంగికి చేరింది. కరువు లేని చోట సైతం ధర కరువు ధరే అయింది. 1871 జనగణనలో 9 లక్షలు దాటిన కర్నూలు జిల్లా జనాభా 1881 నాటికి 7 లక్షలకు లోబడింది.

ఈ సంక్షోభంలో మద్రాసు ప్రభుత్వం రహస్యంగా ధాన్యం కొనడానికి ప్రయత్నించగా, వర్తకంలో జోక్యం తగదని భారత ప్రభుత్వం అడ్డుచెప్పింది. సహాయపనులకు వచ్చిన కూలికి రోజుకు ఒక పౌను గింజలు చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. తరువాత నియమితమైన కరువు కమిషన్ (1878–80) ప్రైవేటు వర్తకం, రైలు మీదనే నమ్మకం ఉంచింది. ఆ కమిషన్‌లో జేమ్స్ కేర్డ్, హెచ్.ఇ. సలివాన్ అనే ఇద్దరు సభ్యులు విభేదించి, ప్రభుత్వమే ధాన్యం నిల్వ చేయాలని సూచించారు. వారి మాట చెల్లలేదు. ప్రభుత్వం దాచదు, ఊరు దాచలేదు, వర్తకుడు దాచినది ధర కోసం. ఈ మూడింటి నడుమ పేదవాని కొలత ఎక్కడా లేకుండా పోయింది.

ఈ కాలపు జనస్మృతిలో నిలిచినవారు గాదె తెరిచినవారు. 1866 నాటి కరువులో వేలమందికి అన్నం పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిని రాయలసీమ జానపదం నేటికీ తలచుకుంటున్నది. దాతను పాటగా కట్టుకున్న జనం, మూసి ఉంచిన గాదెలను కూడా ఎరిగే ఉన్నారు. అపవాదం కనుకనే అది పాట అయింది.

6. పాతర తవ్వినవారు

మూసిన గాదె ముందు జనం ఏమి చేశారన్నది నిల్వ చరిత్రలో తక్కువగా చర్చించిన అధ్యాయం. 1918లో మొదటి ప్రపంచయుద్ధపు చివరి నెలల్లో బియ్యం, ఉప్పు, బట్ట, కిరోసిన్ ధరలు మండిపోయాయి. ఓడల కొరత వల్ల బర్మా బియ్యం తగ్గింది, వానలూ మొగం చాటువేశాయి. మద్రాసు రాష్ట్రంలో అనేక చోట్ల సంతలు, కొట్లు దోపిడికి గురైనాయి. ఈ ఘటనలను పరిశోధించిన చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ వాటిలో ఒక క్రమాన్ని గుర్తించాడు. గుంపు ముందుగా న్యాయమైన ధరకు అమ్మమని అడిగేది, వర్తకుడు కాదన్నప్పుడు కొట్టు మీద పడేది. అడగడంలో పాత మర్యాద ఉన్నది, పైబడడంలో ఆ మర్యాద తెగిన కోపం ఉన్నది.

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922) ఈ వాతావరణంలోనే వెలువడింది. ఉన్నవారిని దోచి లేనివారికి పంచే తక్కెళ్ల జగ్గడి పాత్రను విమర్శకులు తరచు బోల్షివిక్ ప్రభావంగానో, సాహసకథా ధోరణిగానో వివరించారు. 1918 నాటి సంతలను పక్కన పెట్టి చూసినప్పుడు ఆ పాత్రకు స్థానికమైన మూలం కూడా కనిపిస్తుంది. తక్కెడ కొలత పనిముట్టు. కొలత తప్పిన లోకంలో మళ్లీ తూచడానికి పూనుకున్నవానికి ఆ ఇంటిపేరు తగినది. నవల అతని మార్గాన్ని సమర్థించిందా, సంగదాసు అహింసామార్గాన్ని సమర్థించిందా అన్న చర్చ కొనసాగుతూనే ఉంది. గింజ ఎవరిదన్న ప్రశ్నను దళితవాడ నుంచి అడగడం ఆ నవల చేసిన పని.

7. 1942: రంగం బియ్యం ఆగిన ఏడు

ఇరవయ్యవ శతాబ్ది తొలి భాగంలో తెలుగుతీరానికి రంగూను పొరుగూరు వంటిది. జనం దానిని రంగం అన్నారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి వేలాది కూలీలు ఓడలెక్కి రంగం రేవులో బరువులు మోశారు, అక్కడి బియ్యపు మిల్లులలో పనిచేశారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలిచారు. ఆ మిల్లులు ఆడించిన బియ్యం మద్రాసు రాష్ట్రానికీ వచ్చేది. యుద్ధానికి ముందు భారతదేశం ఏటా 10 లక్షల టన్నులకు పైగా బర్మా బియ్యం తెచ్చుకునేది. దీపం వెలిగించే కిరోసిన్‌లోనూ బర్మా వాటా ఉన్నది. రైలుకు తోడు ఓడ, ఓడకు తోడు మిల్లు, మిల్లుకు తోడు బజారు: ఇదీ నాటి ఆధునిక సౌకర్యపు గొలుసు.

1942 మార్చి 8న రంగూను జపాను వశమైంది. గొలుసు ఒక్కచోట తెగి, అన్ని చోట్లా వదులైంది. బియ్యం ఆగింది, కిరోసిన్ కరువైంది. రంగం కూలీలలో ఎందరో అడవులూ కొండలూ దాటి కాలినడకన స్వదేశం చేరారు, ఎందరో దారిలోనే పోయారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. పట్టణాలు ఖాళీ అయ్యాయి. పల్లెలో భూమి ఉన్న బంధువులు గలవారికి గాదె ఉన్న ఇల్లు దొరికింది. రేవు కూలికి, మిల్లు కూలికి వెళ్లే చోటు లేదు. ఆముదపు దీపం మళ్లీ వెలిగింది గాని, పాతర మళ్లీ తెరుచుకోలేదు. డెబ్బై ఏళ్ల రైలుకాలంలో ఎన్నో ఊళ్లలో పాతరలు పూడిపోయాయి. అంతకన్నా ముఖ్యంగా, గింజల కూలి స్థానంలో డబ్బు కూలి విస్తరించింది. డబ్బు చేతిలో ఉన్నవానికి కొలత కాపుదల లేదు. ధర రెట్టింపైతే అతని కూలి సగమైనట్టే.

అమర్త్యసేన్ 1943 నాటి బెంగాలు కరువును పరిశీలించి, తిండి ఉన్నా దాని మీద అధికారం కోల్పోయినవారే ఆకలితో మరణిస్తారని 1981లో సిద్ధాంతీకరించాడు. మేర, పరిగె, గింజల జీతం సడలిన తీరును పరిశీలిస్తే ఆ సిద్ధాంతానికి తెలుగు పల్లె ఒక పూర్వరంగంగా కనిపిస్తుంది.

ప్రభుత్వం అరవై ఏళ్ల క్రితం కాదన్న పనికే ఇప్పుడు పూనుకున్నది. 1943లో మద్రాసు నగరంలో రేషనింగు వచ్చింది. ధాన్యసేకరణ, ధరల కట్టడి క్రమంగా విస్తరించాయి. తెలుగులోకి కొత్త మాటలు వచ్చాయి: రేషను, కంట్రోలు, కోటా, నల్లబజారు. వీటిలో కొన్ని చట్టం పోయినా భాషలో మిగిలాయి. తెలంగాణలో చౌకధరల దుకాణపు బియ్యాన్ని నేటికీ కంట్రోలు బియ్యమని, ఆంధ్ర ప్రాంతంలో కోటా బియ్యమని అంటారు. దాచుకోవడమనే పాత సద్గుణానికి 'దొంగనిల్వ' అనే కొత్త నేరపు పేరు కూడా ఈ కాలంలోనే వ్యాప్తిలోకి వచ్చింది. ఒకే గాదె ఇంటివారి దృష్టిలో ముందుజాగ్రత్త, వీధిలో నిలబడినవారి దృష్టిలో అపరాధం.

8. తెలంగాణ: లెవీ గింజలు

హైదరాబాదు రాజ్యంలో ఇదే సమస్య మరింత పదునుగా వ్యక్తమైంది. యుద్ధకాలంలో నిజాం ప్రభుత్వం విధించిన లెవీ ప్రకారం రైతు తన పంటలో నిర్ణీత భాగాన్ని ప్రభుత్వానికి కొలవాలి. సూత్రరీత్యా ఇది కొరతను సమంగా పంచే ఏర్పాటు. ఆచరణలో దేశ్‌ముఖులు, పెద్ద భూస్వాములు తప్పించుకున్నారు, చిన్న రైతులు తినే గింజలను కూడా కొలిచారు. ఆంధ్రమహాసభ లెవీ అక్రమాలను తన ఉద్యమాంశాలలో ఒకటిగా చేసుకున్నది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను విసునూరు దేశ్‌ముఖు మనుషులు తీసుకుపోకుండా సంఘం కార్యకర్తలు కోసి ఆమె ఇంటికి చేర్చిన ఘటన తెలంగాణ పోరాట స్మృతిలో కేంద్రస్థానం పొందింది. ఆ పోరాటాన్ని భూమి కోసం జరిగినదిగా చరిత్ర చెబుతుంది. అది ఎంతమేరకు భూమి కోసమో, అంతమేరకు గింజ ఎవరి ఇంట చేరాలన్నదాని కోసం కూడా. గడీల గాదెలు తెరిపించి ధాన్యం పంచడం ఆ పోరాటంలో ఒక భాగం కావడం యాదృచ్ఛికం కాదు. ఏటేటా నాగు రూపంలో ఆ గాదెకు చేరిన గింజలే మళ్లీ ఊరికి వచ్చాయి.

9. ముగింపు

1952 జూన్‌లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో ఆహారధాన్యాల కంట్రోలు ఎత్తివేశాడు. ఆ కాలంలోనే రాయలసీమ కరువుతో అల్లాడి గంజి కేంద్రాల మీద ఆధారపడి ఉంది. ఒక చోట బజారుకు స్వేచ్ఛ, మరొక చోట గంజికి వరుస. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పాటుతో దేశం తన గాదెను కట్టుకున్నది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో 2 రూపాయలకు కిలో బియ్యం పథకం ప్రజల మాటల్లో 'రెండు రూపాయల బియ్యం'గా స్థిరపడింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం గింజను హక్కుగా పేర్కొన్నది. మేరలో కొలత ఎలా మారదో, రేషను కార్డులో కూడా అలా మారకూడదన్నదే ఈ చట్టాల సారం. అయితే మేర కులాన్ని అడిగింది, కార్డు పౌరుణ్ణి అడుగుతుంది. ఇది చిన్న మార్పు కాదు.

జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో దళిత మహిళల సంఘాలు తమ పొలాల్లో పండిన జొన్నలను ఊరిలోనే నిల్వచేసి, ఊరిలోనే పంచుకునే పద్ధతిని నడిపాయి. ఎవరికి ఎంత కావాలో ఆ సంఘాలే నిర్ణయించాయి. ఒకప్పుడు గాదె నింపి, ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లిన చేతులే ఇక్కడ గాదె తాళం పట్టుకున్నాయి. పాతర చరిత్రలో ఇది కొత్త పేజీ.

తుపాను తరువాత, లాక్‌డౌన్ తరువాత ఏ ఇంట్లో ఎన్ని బియ్యం బస్తాలున్నాయని అడగడం సహజం. ఈ వ్యాసంలో పరిశీలించిన నూటఇరవై ఏళ్ల అనుభవం ఆ ప్రశ్నకు మరొకదానిని జోడించమంటున్నది. బస్తా కొనుక్కోలేని ఇల్లు ఆ రోజు ఎవరి తలుపు తట్టగలదు? నందనలో ఆ తలుపు లేదు, ధాతలో అది మూసుకున్నది, 1942 తరువాత ప్రభుత్వం దానిని కొంతమేర తెరిచింది. ఒక సమాజం ఆపదకు ఎంత సిద్ధంగా ఉన్నదో కొలవడానికి గాదెలోని గింజలతో పాటు ఆ తలుపును కూడా లెక్కలోకి తీసుకోవాలి.